కొత్త ఎడిటర్‌లో పాత పాఠాలు సర్దుతున్నాను

మా ఆన్‌లైన్ కోర్సులన్నీ మూడుల్ అనే బోధనా ప్లాట్‌ఫామ్ మీద నడుస్తాయి. ఈ టర్మ్ మొదట్లో ప్లాట్‌ఫామ్‌ని అప్‌డేట్ చేశారు. దాంతోపాటు పాఠాలు రాసే ఎడిటర్ కూడా మారింది. ఇన్నాళ్లూ వాడింది అట్టో. 2014లో వచ్చిన 2.7 వెర్షన్ నుంచి మూడుల్ పెడితే మామూలుగా వచ్చే ఎడిటర్ అదే. ఇప్పుడు దాని చోట టైనీ ఎంసీఈ వచ్చింది. 2022 చివర్లో విడుదలైన 4.1లో దీన్ని చేర్చారు. 5.0కి వచ్చేసరికి అట్టోని మూడుల్ ప్యాకేజీలోంచే తీసేశారు. అందుకని పాతదే ఉంచమని అడిగే ఆలోచన నేను పెట్టుకోలేదు, కొత్తదాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టాను.

తోటి టీచర్లు ఎక్కువగా అడుగుతున్నది ఫలానా బటన్ ఎక్కడికి పోయిందని. చాలావరకు పైన ఉన్న మెనూల్లోకి వెళ్లాయి. సోర్స్ కోడ్, ఫుల్ స్క్రీన్ కావాలంటే వ్యూ మెనూ తెరవండి. టేబుల్‌కి విడిగా ఒక మెనూయే ఉంది. మౌస్ వాడనివాళ్లు ఆల్ట్‌తో ఎఫ్9 నొక్కితే మెనూలకీ, ఆల్ట్‌తో ఎఫ్10 నొక్కితే బటన్ల వరసకీ వెళ్లొచ్చు. ఇది రెండు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది, దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

నేను రాయాలనుకున్నది వేరే సంగతి. నేను స్టాటిస్టిక్స్ చెప్తాను. నాకు అప్పగించిన కోర్సు చాలామంది చేతులు మారి వచ్చింది. ఒక పాఠంలో శీర్షికలు లావు అక్షరాల్లో ఉంటాయి, ఇంకోదాంట్లో నీలం రంగులో, మరోదాంట్లో కేవలం సైజు పెంచి. కంటికి అవన్నీ శీర్షికల్లాగే కనిపిస్తాయి. కానీ నా క్లాసులో చూపు లేని ఒక విద్యార్థి ఉన్నాడు, స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదువుతాడు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో హెచ్ నొక్కితే ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి దూకొచ్చు. అతను మా పాఠంలో హెచ్ నొక్కితే వినిపించేది ‘తర్వాత శీర్షిక ఏదీ లేదు’ అని. లావు అక్షరం శీర్షిక కాదు కదా. కావలసిన భాగం కోసం అతను పేజీ మొత్తం మొదటినుంచీ వినాల్సి వచ్చేది.

ఎడిటర్ మారాక ఆ పాఠాలన్నీ ఒక్కొక్కటే తెరిచి సరిచేస్తున్నాను. ఫార్మాట్ మెనూలో హెడింగ్స్ ఉన్నాయి. అవి మూడో స్థాయి నుంచి మొదలవుతాయి, ఎందుకంటే పై రెండు స్థాయిలు పేజీకీ, కోర్సు పేరుకీ అవసరమవుతాయి. అక్షరం చిన్నగా కనిపిస్తోందని నాలుగో స్థాయి వదిలేసి ఐదోది పెట్టకూడదు. స్థాయి అంటే పాఠంలో ఏ భాగం దేని కిందికి వస్తుందో చెప్పేది, దానికీ అక్షరం సైజుకీ సంబంధం లేదు.

ఎక్కువ టైమ్ పట్టేది టేబుల్స్‌కే. ‘మేడం, అంకెలు వరసగా వినిపిస్తున్నాయి గానీ ఏది ఏ కాలమ్‌దో తెలియట్లేదు’ అన్నాడా విద్యార్థి. ఫ్రీక్వెన్సీ టేబుల్‌లో ఏ కాలమ్‌దో తెలియకపోతే ఇక చదవడానికేం మిగిలింది? సోర్స్ కోడ్ తీసి చూస్తే పై వరసలో ఉన్నవన్నీ మామూలు గడులే. కొత్త ఎడిటర్‌లో ఆ గడులు సెలెక్ట్ చేసుకుని, సెల్ ప్రాపర్టీస్‌లో సెల్ టైప్‌ని హెడర్ సెల్ అని మార్చి, స్కోప్ (ఆ హెడర్ దేనికి వర్తిస్తుందో చెప్పేది) దగ్గర కాలమ్ అని పెట్టాలి. ఎడమ పక్కన తరగతి అంతరాలు (10-20, 20-30 లాంటివి) ఉంటే వాటికి రో అని పెట్టాలి. ఇలా చేశాక కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం కీలతో గడిగడికీ వెళ్తుంటే కాలమ్ మారినప్పుడల్లా దాని పేరు కూడా వినిపిస్తుంది. కలిపేసిన గడులు ఉన్న టేబుల్స్‌ని మాత్రం విడగొట్టి రెండు చిన్న టేబుల్స్‌గా రాస్తున్నాను. కళ్లతో చదివేవాళ్లకి కూడా అవే తేలిగ్గా ఉన్నాయి.

ఫార్ములాల సంగతి. పాత పాఠాల్లో చాలా ఫార్ములాలు స్క్రీన్‌షాట్లు. ఫోన్‌లో పెద్దవి చేసి చూస్తే మసకబారతాయి, స్క్రీన్ రీడర్‌కైతే అక్కడ ఒక బొమ్మ ఉందని తప్ప ఇంకేమీ తెలియదు. ఈక్వేషన్ ఎడిటర్‌లో లేటెక్‌లో, అంటే గణితాన్ని టైప్ చేసే కోడ్‌లో, రాస్తే కిందే ప్రివ్యూ కనిపిస్తుంది. పేజీలో దాన్ని మ్యాథ్‌జాక్స్ అనే ప్రోగ్రామ్ ఫార్ములాగా గీస్తుంది. ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు, స్క్రీన్ రీడర్‌కి కూడా చదవడానికి వీలుంటుంది. ప్రామాణిక విచలనం ఫార్ములా టైప్ చేయడానికి స్క్రీన్‌షాట్ తీసిన దానికంటే ఎక్కువ సేపే పడుతుంది. ఆ కాసేపు పెట్టి తీరాలని నా అభిప్రాయం. అదే ఫార్ములాని తర్వాత ఇంకో పాఠంలోకి కాపీ చేసుకోవచ్చు, ఒక గుర్తు మార్చాలంటే మార్చుకోవచ్చు. బొమ్మతో అది కుదరదు.

గ్రాఫులు బొమ్మలుగానే ఉంటాయి, తప్పదు. బొమ్మ పెట్టేటప్పుడు ఎడిటర్ వివరణ అడుగుతుంది. అలంకారం కోసం పెట్టిన బొమ్మైతే ఆ సంగతి చెప్పడానికి ఒక టిక్ బాక్స్ ఉంది. దయచేసి పని తొందరగా అయిపోతుందని గ్రాఫులకి ఆ టిక్ పెట్టకండి. వివరణలో ‘హిస్టోగ్రామ్’ అని ఒక్క మాట రాసినా ఉపయోగం లేదు. ‘కుడివైపు తోక సాగిన హిస్టోగ్రామ్, ఎక్కువ విలువలు 20కీ 40కీ మధ్య ఉన్నాయి’ అని రాస్తే ఆ గ్రాఫు ఎందుకు పెట్టామో అందులో ఉంటుంది. ఇలా రాయడం మొదలుపెట్టాక నా పాఠం కూడా కొంచెం మారింది. ఏం చెప్పడానికి పెట్టానో నాకే ఒక వాక్యంలో రాయడం రాని గ్రాఫుని తీసేస్తున్నాను.

టూల్స్ మెనూలో యాక్సెసిబిలిటీ చెకర్ ఉంది, పాఠం అందరూ చదవగలిగేలా ఉందో లేదో చూసే సాధనం. అట్టోలోనూ ఉండేది, అంతగా ఎవరూ నొక్కేవారు కాదు. వివరణ లేని బొమ్మలు, హెడర్లు లేని టేబుల్స్, కలిపేసిన గడులు, శీర్షిక లేకుండా సాగిపోయే పొడవాటి రాత, ఇవన్నీ చూపిస్తుంది. రంగులు కూడా చూస్తుంది. మామూలు సైజు అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలన్నది వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు పెట్టిన ప్రమాణం. తెల్లటి పేజీ మీద పసుపు అక్షరాలకి అది రాదు. అయితే బొమ్మకి వివరణ ఉందా లేదా అన్నదే చెకర్ చూడగలదు. ఆ వివరణ అర్థవంతంగా ఉందో లేదో మనమే చదివి చూసుకోవాలి.

వర్డ్ నుంచి తెచ్చి అతికించే అలవాటు ఉన్నవాళ్లకి ఒక మాట. కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కితే రాత ఒక్కటే వస్తుంది. ఫాంట్లు, సైజులు, రంగులు వెంట రావు. అప్పటికే అతికించేసి ఉంటే సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో క్లియర్ ఫార్మాటింగ్ నొక్కి, శీర్షికలు మళ్లీ పెట్టుకోండి. ఆటోసేవ్ ఉంది కాబట్టి మధ్యలో నెట్ పోయి మళ్లీ వస్తే రాసింది చాలాసార్లు తిరిగి దొరుకుతుంది. కానీ అది డ్రాఫ్ట్ మాత్రమే. సేవ్ నొక్కేదాకా విద్యార్థికి పాత పాఠమే కనిపిస్తుంది.

నాకింకా ప్రశ్నల బ్యాంకు మిగిలి ఉంది. అక్కడ ప్రశ్నకీ, ప్రతి జవాబు ఎంపికకీ విడివిడిగా ఎడిటర్ పెట్టెలు ఉంటాయి, చాలా ఎంపికల్లో ఫార్ములాలు బొమ్మలుగానే ఉన్నాయి. పరీక్షలో నాలుగు ఎంపికలూ ‘బొమ్మ’ అని వినిపిస్తే ఆ విద్యార్థి దేన్ని ఎంచుకుంటాడు? అందుకే వచ్చే క్విజ్‌లో రాబోయే అధ్యాయాల ప్రశ్నలు ముందు పూర్తి చేస్తున్నాను, మిగతావి ఆ తర్వాత. మీలో ఎవరైనా ఇదే పని చేస్తుంటే మీరూ క్విజ్‌లతోనే మొదలుపెట్టండి. పాఠం అర్థం కాకపోతే మనల్ని అడగొచ్చు, పరీక్ష మధ్యలో అడగడానికి ఎవరూ ఉండరు.