ఈసీజీ తీయించారా? పాతదాన్ని కొత్తదాని పక్కనే పెట్టి పోల్చి చూడమనండి

"మీకు ఈసీజీ ఎప్పుడూ అబ్‌నార్మలే గదా. గ్యాస్ అయ్యుంటది, ఇంటికి పోయి పండుకోండి." నల్లగొండలో ఒక డ్యూటీ డాక్టర్ అన్న మాట ఇది. ప్రాణం కుదుటపడింది గానీ ఆ మాట మీద కోపం ఇంకా చల్లారలేదు. నా గుండె పంపింగ్ తక్కువ, పైగా ఎడమ వైపు కరెంటు దారిలో అడ్డు ఉంది. ఎల్‌బీబీబీ అంటారు. అందుకే మిషన్ ఎప్పుడు తీసినా 'అబ్‌నార్మల్' అనే అచ్చేస్తుంది. పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందని కదా చూడాల్సింది! పాత పట్టీలున్న ఫైలు ఆయన బల్ల మీదే ఉంది.

ఆ రాత్రి వెల్లకిలా పండుకుంటే దమ్ము అందలేదు. గోడకు ఆనుకొని కూర్చుంటే కాస్త నయం. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచింది. "నాయినా, గ్యాస్ గోలీ ఇంకోటేసుకో" అన్నాడు కొడుకు. డాక్టరే అన్నాక వాడిని ఏమనాలి? పండుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే తగ్గడం గుండె బలహీనతకు గుర్తు. పండుకున్నప్పుడు కాళ్లలో చేరిన నీరు, రక్తం ఛాతీ వైపు మళ్లుతాయి, గుండె తోడలేకపోతే ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరుతుంది. తెల్లవారకముందే 108కి ఫోన్ చేశాం.

రెండో దవాఖానలో పెద్ద డాక్టర్ "పాత ఈసీజీలున్నయా?" అని ముందే అడిగాడు. ఆయనకు చేతులెత్తి మొక్కాలి. పట్టీ సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది, చిన్న గడి 0.04 సెకను. క్యూఆర్ఎస్, అంటే గుండె కింది గదులు కొట్టుకునేటప్పుడు లేచే పెద్ద అల, దాని వెడల్పు పాతదాంట్లో మూడున్నర గడులు, కొత్తదాంట్లో నాలుగు దాటింది. ఆయన ఎక్కువసేపు చూసింది మాత్రం ఎత్తు. లీడ్ 1, లీడ్ 2లలో, అంటే చేతులు కాళ్లకు పెట్టిన తీగల గీతల్లో, అలలు కుంగిపోయాయి. ఒంట్లో నీరు పట్టినప్పుడు ఆ తడి కండ కరెంటును తనలోనే పారనిస్తుంది, చర్మం మీది తీగలకు చేరేది తగ్గుతుంది. ఫ్యూరోసిమైడ్ సూదులతో నీరు దిగి బరువు తగ్గుతున్న కొద్దీ ఆ అలలు మళ్లీ లేచాయి. నా కళ్లతో చూశాను.

అయితే మోసపోయే చోట్లున్నాయి. పట్టీ అంచున మిషన్ కొలత చూపే డబ్బా లాంటి గుర్తు 10 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, సగానికి సెట్ చేస్తే ఎవరి అలలైనా పొట్టివే. ఛాతీ తీగ ఒక పక్కటెముక పైకి అంటిస్తే ఆకారమే మారుతుంది, అందుకే పోలికకు చేతులు కాళ్ల లీడ్లు కొంత నయం. గుండె చుట్టూ నీరు చేరినా, ఊపిరితిత్తుల జబ్బున్నా అలలు కుంగుతాయి, అది తేల్చడానికి ఎకో (గుండె స్కాన్) చేయాలి. ఈసీజీ మారనంత మాత్రాన బాగున్నట్టు కాదు. పొద్దున మూత్రానికి పోయొచ్చి, ఏమీ తినకముందు తూకం చూసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. ఈసీజీలో టీ అలలు (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చేవి) సూదిగా లేస్తే పొటాషియం పెరిగిందేమో చూడాలి. స్పైరనోలాక్టోన్ (పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే నీళ్ల గోలీ) వేసుకునేవాళ్లు ఎండలని కొబ్బరినీళ్లు తెగ తాగొద్దు, వాటిలోనూ పొటాషియం ఉంటుంది.

పంపింగ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువై, ఎల్‌బీబీబీతో క్యూఆర్ఎస్ 150 మిల్లీసెకన్లు (నాలుగు గడులకు కాస్త తక్కువ) దాటితే సీఆర్‌టీ యంత్రం, అంటే గుండె రెండు వైపులా కలిసి కొట్టుకునేలా చేసే పేస్‌మేకర్, బాగా పనికొస్తుంది. నాకు పెట్టారు. ఇప్పుడు నడుస్తున్నాను. మా ఆవిడ చెరువుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కింది, మొక్కు తీర్చొచ్చాం, మెట్లెక్కకుండా బండి మీదే. స్వామి ఏమనుకోడు.

ఈసీజీ కాగితం వేడికి నల్లబడుతుంది. మన ఎండాకాలంలో బండి డిక్కీలో పెట్టొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఆ రోజే జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫొటో తీసుకొని, వెనక తేదీ, బరువు, నీళ్ల గోలీ డోసు, పండబెట్టి తీశారా కూర్చోబెట్టి తీశారా అన్నది పెన్నుతో రాసి పెట్టండి.