వక్కతోటలో పచ్చబల్లి

మా ఊళ్లో బల్లి అంటే రాత్రి కనిపించేది. ట్యూబులైటు వేయగానే గోడ మీదికి వచ్చి పురుగుల కోసం కాచుకుంటుంది. మీద పడితే ఏ ఫలితమో అమ్మకు పంచాంగం చూడకుండానే తెలుసు. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చినా ఆ భయం పోలేదు. అందుకే పట్టపగలు ఎండలో తిరిగే బల్లిని చూద్దామని అండమాన్‌ ప్రయాణం పెట్టినప్పుడు, అమ్మ వస్తానంటుందని నేను అనుకోలేదు. వచ్చింది.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో మాకు పరాయితనం తోచలేదు. బజారులో, ఆటోలో, చేపల దుకాణంలో తెలుగు వినిపించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో పదిమందిలో ఒకరికి పైగా తెలుగువారే. మేము దిగిన ఇంటావిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. ఏం చూడటానికి వచ్చామో చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది.

"పచ్చబల్లి కోసమా అండీ? రేపు పొద్దున ఎండ ఎక్కాక మా తోటలోకి రండి. అరటిచెట్ల దగ్గర ఉంటాయి."

ఇక్కడ జనవరిలో ఐదున్నరకల్లా తెల్లవారుతుంది. నేను తొందరపడి వెలుగు రాకముందే వెళ్లి నిలబడ్డాను. ఏమీ లేదు. ఏడు దాటాక వక్కచెట్టు మాను మీద ఎండ పడింది. అప్పుడు కనిపించింది, ముదురాకుపచ్చ రంగులో, తల కిందికి పెట్టి. చూస్తుండగానే ఒళ్లు వేడెక్కి, రంగు లేత చిగురులా వెలిగింది. వీపు మీద ఎర్రటి చుక్కలు, గొంతు దగ్గర పసుపు ఛాయ, తోక వైపు నీలం మెరుపు. చలికి, బెదురుకు ఈ జాతి బల్లుల రంగు ముదురుతుందని చదివాను కానీ, ఆ మార్పు ఇంత అందంగా ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

కంటిపాప గుండ్రంగా ఉంది. మన గోడబల్లికి పగటివేళ అది నిలువు గీతలా ముడుచుకుంటుంది. పగలే తిరిగే దీనికి ఆ అవసరం లేదు. రెప్పలు లేవు కనుక నాలుకతోనే కన్ను తుడుచుకుంది. తరువాత అరటిపువ్వు దగ్గరికి పాకి తేనె నాకింది. పురుగులు తినే బల్లి పువ్వు తేనె తాగుతుంటే అమ్మ రెండడుగులు ముందుకు వేసింది. ఊళ్లో అయితే వెనక్కి వేసేది.

ఫెల్సూమా అండమానెన్సిస్ దీని శాస్త్రీయ నామం. కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1861లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. నన్ను ఇంతదూరం రప్పించింది మాత్రం దీని చుట్టరికం. మిగతా ఫెల్సూమా బల్లులన్నీ మడగాస్కర్, కొమొరోస్, సీషెల్స్, మారిషస్ వైపే ఉంటాయి. ఇదొక్కటే నాలుగు వేల కిలోమీటర్లకు పైగా సముద్రం ఇవతల, అండమాన్‌లో సహజంగా నివసిస్తోంది. ఈ దీవులు తప్ప దీనికి మరో పుట్టిల్లు లేదు. ఆ సముద్రాన్ని దీని పూర్వీకులు ఎలా దాటాయో ఆలోచిస్తూ చెట్టు కింద కూర్చుండిపోయాను. జవాబు వెతకాలనిపించలేదు, ఆ దూరాన్ని ఊహించడమే చాలనిపించింది.

దీని అందమే దీనికి ప్రమాదం కూడా. పెంచుకోవడానికి కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఫెల్సూమా జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం నియంత్రిస్తోంది. అయినా ఒక తోట యజమాని వీటిని చెట్టు మీదే ఉండనివ్వడం కంటే పెద్ద రక్షణ ఏముంటుంది? ఇంటావిడ తోటలో పురుగుమందు కొట్టించరు. కారణం అడిగితే, "వీళ్లు ఉన్నారు కదండీ" అన్నారు. అవి అని కాదు, వీళ్లు అని.

తరువాతి రెండు రోజులు చిడియా టాపు, స్వరాజ్ ద్వీప్ తిరిగాం. సముద్రం బాగుంది. నా మనసు మాత్రం తోటలోనే ఉంది.

చివరి సాయంత్రం ఐదున్నరకే చీకటి పడింది. వరండాలో దీపం వేయగానే మనకు తెలిసిన గోడబల్లులే రెండు వచ్చాయి. అమ్మ కుర్చీ జరుపుకోలేదు. కాసేపు వాటిని చూసి, తోట వైపు తిరిగి అడిగింది.

"ఈపాటికి పచ్చది ఏ ఆకు సందులో పడుకుని ఉంటుందిరా?"