ఆ పది నిమిషాలు ఎక్కడికి పోయాయి?

మన బడి పాత విద్యార్థులం కలుసుకునే రోజుకి వేస్తున్న సంచిక కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. "ఏది గుర్తుంటే అది రాయి, రెండు పేజీలు దాటకు" అన్నారు. నాకు గుర్తున్నది పదో తరగతి, శనివారం ఆఖరి పీరియడ్, మన ఇంగ్లీషు మేష్టారు. ఆరు నుంచి తొమ్మిది దాకా కూడా ఆ బడిలోనే చదివాను గానీ, ఆ నాలుగేళ్లలో వేపచెట్టు కింద బోరింగు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అసలు మొదలైంది మూడో బెంచీ దగ్గర. లెక్కల పుస్తకం మధ్యలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల పెట్టుకుని నా పక్కవాడు చదువుతుంటే మేష్టారు పట్టుకున్నారు. చింపేస్తారనుకున్నాం. ఆయన అట్ట తిప్పి చూసి, "ఎవరు చంపారో నీకు ఏ పేజీలో తెలిసింది?" అని అడిగారు. మనవాడు నిలబడి వణుకుతూ, "యుగంధర్ చెప్పాకే సార్" అన్నాడు. యుగంధర్ అంటే ఆ నవలల్లో డిటెక్టివ్, రాజు ఆయన అసిస్టెంటు. "అంతకుముందు తెలుసుకునే వీలుందా లేదా? చూసి సోమవారం చెప్పు" అని పుస్తకం తిరిగి ఇచ్చేశారు. ఆ రోజు నుంచి వాడు మనందరికీ యుగంధర్. వాడి పక్కన కూర్చున్న పాపానికి నేను అసిస్టెంటు రాజునయ్యాను.

ఆ తర్వాత శనివారం నుంచి బోర్డు మీద నిలువు గీత పడింది. ఎడమవైపు 'నచ్చినవి', కుడివైపు 'నచ్చనివి'. రూల్సు రెండే. హంతకుడి పేరు చెప్పకూడదు. 'బాగుంది', 'బాగాలేదు' అని ఊరుకోకూడదు, ఎక్కడ బాగుందో చూపించాలి. అద్దె పుస్తకాల కొట్టులో దొరికేవి మనం చదివేవాళ్లం. దొరకని ఇంగ్లీషు నవలల్ని మేష్టారు వారానికి కొంత చొప్పున తెలుగులో చెప్పేవారు. బాస్కర్‌విల్స్ వేటకుక్క కథ చెప్పిన వారం మన క్లాసు 'సొరకాయ' ఒంటరిగా ఇంటికి వెళ్లలేదు. మూన్‌స్టోన్ మొదలుపెట్టి, 1799లో శ్రీరంగపట్నం కోట పడిన నాడు వజ్రం ఎత్తుకుపోవడం చెప్పగానే ఆడపిల్లలందరూ దానికే ఓటేశారు. కథ ఇంకా మొదటి మలుపు కూడా తిరగలేదు!

సొరకాయ పేరు ఎలా వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. డిటెక్టివ్ పాయిరో రిటైరై పల్లెటూళ్లో సొరకాయలు పండిస్తూ, విసుగొచ్చి ఒకటి గోడ అవతలికి విసిరేస్తాడని మేష్టారు చెప్పిన క్షణంలోనే కిటికీలోంచి వాడి టిఫిన్ డబ్బా బయట పడింది కదా.

ఆ సొరకాయల నవలే నా జీవితంలో పెద్ద గొడవ. అగాథా క్రిస్టీ రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్'. దసరా ముందు శనివారం మేష్టారు చివరి అధ్యాయం ముగించారు. క్లాసంతా నోరు తెరుచుకుని కూర్చుంటే, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లి, నచ్చనివాటి కింద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాశాను. "ఇది మోసం సార్, ముందు ఒక్క ముక్కయినా చెప్పలేదు" అన్నాను. గొంతు వణికింది కూడా. 1926లో ఆ పుస్తకం వచ్చినప్పుడు ఇంగ్లండులోనూ కొందరు అదే మాట అన్నారని నాకు అప్పుడు తెలియదు.

మేష్టారు కోప్పడలేదు. సంచీలోంచి ఆ పుస్తకం తీసి, డిక్షనరీతో పాటు నా చేతిలో పెట్టారు. "సెలవులు పది రోజులున్నాయి. చెప్పలేదన్నావు కదా, ఎక్కడ చెప్పలేదో చూపించు."

పది రోజులు అదే పని. వాక్యానికి మూడు మాటలు వెతుక్కుంటూ నాలుగో అధ్యాయం చివరికి వచ్చాను. తొమ్మిదికి ఇరవై నిమిషాలుందనగా గదిలోకి ఉత్తరం వచ్చింది. తొమ్మిదికి పది నిమిషాలుందనగా తలుపు మూసి బయటికి రావడం. మధ్యలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు! అబద్ధం లేదు, దాచినట్టూ లేదు, టైం మాత్రం అచ్చులో నా కళ్లెదురుగా ఉంది. వీధరుగు మీద కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. ఇంతకంటే రాస్తే మేష్టారి రూలు తప్పినట్టే. సెలవులయ్యాక బోర్డు మీద ఆ పేరును చెరిపి ఎడమవైపు రాసింది నేనే. మేష్టారు సుద్దముక్క నా చేతికిచ్చి పక్కకి తప్పుకున్నారు.

తర్వాత నేను బ్యాంకులో చేరి, చివరి పన్నెండేళ్లు ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేశాను. 2006లో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో బ్రాంచి తనిఖీకి వెళ్లాను. నగల తాకట్టు లోన్లు నలభై ఆరు. జూన్ నుంచి జనవరి దాకా తేదీలు, వేరువేరు మనుషులు, సంతకాలన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండు రోజులు తిరగేసినా ఏమీ దొరకలేదు. మూడో రోజు కాయితాల మూలన చూపు ఆగింది. ఆ ఊళ్లో ఒక్క వానాకాలానికే గుండుసూది తుప్పు పట్టి కాయితం మీద ఎర్రటి మచ్చ పడుతుంది. అదే బీరువాలో మిగతా ఫైళ్లన్నిటికీ ఆ మచ్చ ఉంది. ఈ నలభై ఆరింటికీ లేదు. సూదులు తళతళ మెరుస్తున్నాయి. ఇన్‌స్పెక్షన్ వస్తోందని తెలిసి రెండు రోజుల్లో వండిన కాయితాలవి.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని, ఊరి పేరు, బ్యాంకు పేరు లేకుండా మేష్టారికి ఉత్తరం రాశాను. వారానికి కార్డు వచ్చింది. మెచ్చుకోలు లేదు. "గుండుసూదుల డబ్బా ఎప్పుడు కొన్నారో ఓచర్లు చూశావా?" అని ఒక వాక్యం. చూడలేదు! మర్నాడు స్టేషనరీ ఖర్చుల కట్ట విప్పితే, మేం వెళ్లడానికి నాలుగు రోజుల ముందు తేదీతో బిల్లుంది. నా రిపోర్టులో ఆఖరి పేరా అదే. ఉద్యోగంలో నాకొచ్చిన ప్రశంసాపత్రం ఆ రిపోర్టుకే, ఇప్పటికీ మా హాల్లో గోడకుంది.

2013లో బ్రిటన్‌లోని క్రైమ్ రచయితల సంఘం ఓట్లు వేసి, ఇన్నేళ్లలో వచ్చిన క్రైమ్ నవలల్లో మేటిది రోజర్ ఆక్రాయిడే అని ప్రకటించింది. ఆ వార్త చదివి ఫోన్ చేద్దామంటే మేష్టారు లేరు.

ఆ కార్డులో రెండో వాక్యం కూడా ఉంది. "ఇప్పుడు కుడివైపు ఏం రాస్తావు?" ఆయనకు జవాబు రాయలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. డొరొతీ సేయర్స్ 1931లో రాసిన 'ఫైవ్ రెడ్ హెరింగ్స్'. ఆరుగురు అనుమానితులు, ఆరుగురూ చిత్రకారులే, ఎవరు ఎవరో తేల్చుకునే లోపు స్కాట్లండు రైళ్ల టైంటేబుల్ మీద పడుతుంది. రెండుసార్లు చదివాను, మనుషుల మొహాలు కనపడలేదు, రైళ్లే కనపడ్డాయి. మన స్టేషన్ మాస్టారి అబ్బాయి మాత్రం దాన్ని మించిన నవల లేదంటూ పోయిన నెల గంటసేపు ఫోన్లో వాదించాడు. కలిసే రోజు ఆ పుస్తకం, మేష్టారి కార్డు రెండూ తెస్తున్నాను. ఎక్కడ బాగుందో వాడు పేజీ తీసి చూపించాలి. కమిటీ వాళ్లు ఒక బోర్డూ, సుద్దముక్కా సిద్ధంగా ఉంచండి.