ఆర్‌టీఎక్స్ 5070నా, ఆర్‌ఎక్స్ 9070నా: నేను ఎలా తేల్చుకున్నానంటే

నా పాత గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060. 2016లో వచ్చిన మోడల్, 6 జీబీ మెమరీ, 120 వాట్లు. 1080పీ మానిటర్ ఉన్నంతకాలం సెట్టింగ్స్ తగ్గించుకుంటూ బాగానే నెట్టుకొచ్చాను. 1440పీ మానిటర్ కొన్నాక దాని వల్ల కాలేదు. 1080పీలో ఫ్రేముకు సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు గీయాలి, 1440పీలో 36.9 లక్షలు. అంటే ప్రతి ఫ్రేముకూ దాదాపు 78 శాతం ఎక్కువ పని. అదీగాక, కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీసే రే ట్రేసింగ్‌కు తగిన హార్డ్‌వేర్ లేకపోతే అసలు మొదలే కాని ఆటలు కూడా వచ్చేశాయి. ఇక మార్చక తప్పలేదు.

నా బడ్జెట్‌కు దగ్గరగా రెండు కార్డులు కనిపించాయి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070. రెండూ 2025 మార్చిలో ఒకే వారంలో వచ్చాయి. కాగితం మీద చూస్తే విచిత్రంగా ఉంటుంది. 5070లో 12 జీబీ జీడీడీఆర్7 మెమరీ, 192 బిట్ల బస్. 9070లో 16 జీబీ జీడీడీఆర్6, 256 బిట్ల బస్. ఒకటి వేగమైన మెమరీని సన్నటి దారిలో నడిపిస్తే, ఇంకొకటి నెమ్మది మెమరీని వెడల్పు దారిలో నడిపిస్తుంది. చివరికి సెకనుకు 672 జీబీ, 640 జీబీ అంటూ ఇంచుమించు ఒకే చోటికి చేరతాయి. కరెంటు విషయంలో 5070కి 250 వాట్లు, 9070కి 220.

రివ్యూలు చూస్తే మామూలు ఆటల్లో 1440పీ దగ్గర 9070 కాస్త ముందుంది. రే ట్రేసింగ్ వేస్తే ఆ ఆధిక్యం కరిగిపోతుంది. రే ట్రేసింగ్‌లోనే ఇంకా బరువైన రకం పాత్ ట్రేసింగ్ వేస్తే 5070 స్పష్టంగా ముందుకెళుతుంది. నాలుగైదు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) తేడా కోసం కొట్టుకోవడంలో అర్థం లేదనిపించి, సగటు అంకెలు చూడటం మానేశాను. వాటి బదులు ‘1% లో (low)’ అనే అంకె చూశాను. ఆటలో అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేములు ఎలా ఉన్నాయో అది చెబుతుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. సగటు 90 అని రాసి ఉన్నా మధ్యలో ఒక్కో ఫ్రేము 50 మిల్లీసెకన్లు తీసుకుంటే ఆట గతుకుల రోడ్డు మీద నడుస్తున్నట్టే ఉంటుంది. కంటికి తెలిసేది ఆ గతుకే, సగటు కాదు.

ఇక ప్రచారం సంగతి. 2025 జనవరిలో సీఈఎస్ టెక్ ప్రదర్శన వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 5070 కార్డు ముందు తరంలోని అగ్రశ్రేణి 4090 అంత పనితీరు ఇస్తుందన్నారు. అదంతా ఏఐ చలవే అని కూడా ఆయనే చెప్పారు. విషయం మల్టీ ఫ్రేమ్ జనరేషన్‌లో ఉంది. కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకు మరో మూడు ఫ్రేములను ఏఐ ఊహించి మధ్యలో పెట్టగలదు. స్క్రీన్ మీద 120 కనిపిస్తుంది. కానీ అసలు గీసినవి 30 అయితే, మౌస్ కదిపినప్పుడు ఆట స్పందించేది ఆ 30కి తగ్గట్టే. అసలు ఫ్రేములు 60, 70 వస్తున్నప్పుడు సెకనుకు ఎక్కువ ఫ్రేములు చూపగల హై రిఫ్రెష్ మానిటర్ మీద ఈ ఫీచర్ బాగుంటుంది. బలం చాలని కార్డుకు బలం తెచ్చే మందు మాత్రం కాదు. ఏఎండీకి కూడా ఫ్రేమ్ జనరేషన్ ఉంది. రెండింటిలో ఏది కొన్నా, దాని అంకెను ఆటకు అసలు వేగంగా నేను లెక్కలోకి తీసుకోను.

అప్‌స్కేలింగ్ వేరే సంగతి, అది నిజంగా పనికొచ్చేది. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి. ఎన్విడియా వారి డీఎల్‌ఎస్‌ఎస్ ఇందులో చాలాకాలం ఎదురులేకుండా ఏలింది. ఏఎండీ అప్‌స్కేలింగ్ పద్ధతి అయిన ఎఫ్‌ఎస్‌ఆర్ పాత వెర్షన్లలో చెట్ల ఆకులు, కంచె తీగలు, జుట్టు కదిలినప్పుడు మినుకుమినుకుమనేవి. 9070 తరంతో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 4 మెషిన్ లెర్నింగ్ మీద నడుస్తుంది, ఆ మినుకులు బాగా తగ్గాయి. అది లేకపోతే నేను ఏఎండీ వైపు తొంగి కూడా చూసేవాణ్ణి కాదేమో. అయినా ఆటల సంఖ్యలో డీఎల్‌ఎస్‌ఎస్‌దే పైచేయి. అందుకే నేను ఆడే ఆటల జాబితా రాసుకుని, ఒక్కోదానికీ ఏది ఉందో చూసుకున్నాను. నావి ఎక్కువగా ఓపెన్ వరల్డ్ ఆటలు, రెండు రేసింగ్ ఆటలు. ఆన్‌లైన్ షూటర్లు ఆడను. జాబితాలో చాలావాటికి రెండూ ఉన్నాయి.

నా నిర్ణయాన్ని ఒక వైపుకు నెట్టింది మెమరీ, అదీ నా పాత మదర్‌బోర్డు వల్ల. కార్డులో మెమరీ నిండితే ఆట ఆగిపోదు. మిగిలిన డేటా మామూలు ర్యామ్‌లోకి వెళ్లి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో రావాల్సి ఉంటుంది. నాది బీ450 బోర్డు, అందులో ఉన్నది పీసీఐ 3.0. ఆ దారి వేగం సెకనుకు 16 జీబీకి మించదు. కార్డు లోపల సెకనుకు 600 జీబీకి పైగా పరిగెత్తే డేటా ఒక్కసారిగా 16కు పడిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మెమరీ చాలినంతసేపు పాత బోర్డు వల్ల పెద్ద నష్టం లేదు. చాలనప్పుడే దెబ్బ రెట్టింపు. కొత్త బోర్డు ఉన్నవాళ్లకు ఈ లెక్క కాస్త వేరుగా ఉంటుంది.

మరి 12 జీబీ చాలదా? ఈరోజు 1440పీలో చాలా ఆటలకు చాలుతుంది. టెక్స్చర్లు (వస్తువుల పైపూత చిత్రాలు) పైకి పెట్టి, రే ట్రేసింగ్ వేసి, దాని మీద ఫ్రేమ్ జనరేషన్ కూడా పెడితే ఇరుకవుతుంది, ఎందుకంటే ఫ్రేమ్ జనరేషన్ కూడా కొంత మెమరీ తింటుంది. ఇక్కడ ఒక మాట. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో 11 జీబీ అని కనిపించినంత మాత్రాన అంతా అవసరమైనట్టు కాదు. ఆటలు ముందుజాగ్రత్తగా ఎక్కువ పట్టి ఉంచుకుంటాయి. అందుకే ఆ అంకె చూసి భయపడొద్దు. నేను 1060ని ఎన్నాళ్లు వాడానో తలుచుకుంటే, వచ్చే కార్డునూ అలాగే లాగుతానని నాకు తెలుసు. అన్నాళ్లలో 12 జీబీ ఇరుకవకుండా ఉండదు.

మా తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. వాడు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు.

"అన్నయ్యా, మా ఫీల్డ్‌లో ఎవర్నడిగినా ఎన్విడియానే అంటారు. నువ్వెందుకు అటు పోతున్నావు?"

"నేను బ్లెండర్ తెరవను కదరా."

"రేపు తెరుస్తావేమో!"

"రేపు తెరిస్తే నీ సిస్టమ్ ఉందిగా."

వాడన్నదాంట్లో నిజం లేకపోలేదు. బ్లెండర్ రెండరింగ్‌లో ఎన్విడియా వాడే ఆప్టిక్స్ (OptiX) ముందు ఏఎండీ వాడే హిప్ (HIP) వెనకబడే ఉంది. ఎన్విడియా కార్డుల మీదే నడిచే CUDA మీద ఆధారపడే సాఫ్ట్‌వేర్లు, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడుపుకోవడం లాంటివి ఉంటే ఇంత ఆలోచన అక్కర్లేదు, ఎన్విడియా తీసుకోవడమే. నాకు అవేవీ లేవు.

పవర్ సప్లై నాది 650 వాట్లు. రెండు కార్డులకూ కంపెనీలు సూచించేది అంతే. 9070లో చాలా మోడళ్లకు మామూలు ఎయిట్ పిన్ కేబుళ్లు రెండు చాలు, అవి నా దగ్గరున్నాయి. 5070కి 16 పిన్ కనెక్టర్, అంటే అడాప్టర్ వాడాలి. 16 పిన్ కరిగిపోయిన వార్తలు చదివి కొంతమంది టెన్షన్ పడుతుంటారు. అవి ఎక్కువగా 450 వాట్ల 4090 లాంటి పెద్ద కార్డుల సంగతులు. 250 వాట్ల దగ్గర దాన్ని కారణంగా చూపించడం అతి అవుతుంది. పూర్తిగా లోపలికి నొక్కి పెడితే చాలు. క్యాబినెట్‌లో పొడవు టేపుతో కొలిచి చూసుకుని 9070 తీసుకున్నాను.

బిగించే ముందు కొంత పని ఉంది. ఎన్విడియా నుంచి ఏఎండీకి మారుతున్నాను కాబట్టి ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తొలగించే టూల్ నడిపి పాత డ్రైవర్ మొత్తం తుడిచేశాను. నెట్ ఉంటే విండోస్ తనకు తోచిన డ్రైవర్ మధ్యలో దింపేస్తుంది. తర్వాత మదర్‌బోర్డును నడిపే బయోస్ అప్‌డేట్ చేసి రీసైజబుల్ బార్ ఆన్ చేశాను. ప్రాసెసర్ మొత్తం వీడియో మెమరీని ఒకేసారి చూడగలిగేది దీనివల్లే, ఆధునిక కార్డులకు ఇది అవసరం. దానికి బయోస్‌లో పాతకాలం బూటింగ్ కోసం ఉంచిన సీఎస్‌ఎం ఆఫ్ చేయాలి. అప్పుడు విండోస్ డిస్క్ జీపీటీ పద్ధతిలో లేకపోతే సిస్టమ్ బూటే అవదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ముందే చూశాను, నాది జీపీటీనే. మీది పాత పద్ధతి ఎంబీఆర్ అయితే బయోస్ ముట్టుకోకముందే మార్చుకోండి, బ్యాకప్ తీసుకుని.

కార్డును సిస్టమ్ మొదటిసారే గుర్తించింది. కొత్త ఆటలు మొదట్లో కొంచెం గతుకులతో నడిచాయి. అది షేడర్లు (దృశ్యాన్ని గీసే చిన్న ప్రోగ్రాములు) కార్డుకు తగ్గట్టు కంపైల్ అయ్యేటప్పటి గతుకు, ఆ ప్రాంతమే మళ్లీ తిరిగితే పోయింది. ఏఎండీ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లోనే వోల్టేజీ కాస్త తగ్గించి, మానిటర్ రిఫ్రెష్ రేటుకు కొద్దిగా కింద ఫ్రేమ్ క్యాప్ (ఫ్రేముల పరిమితి) పెట్టాను. ఫ్యాన్ల చప్పుడు బాగా తగ్గింది. వోల్టేజీ ఎంత తగ్గుతుందనేది కార్డును బట్టి మారుతుంది. ఎవరో పెట్టుకున్న అంకెను కాపీ కొట్టకుండా కొద్దికొద్దిగా దింపుతూ ఆట క్రాష్ అవుతుందేమో చూసుకోవడం మేలు.

టెక్స్చర్లు అన్ని ఆటల్లోనూ పై మెట్టు మీదే ఉన్నాయి, తగ్గించాల్సిన పని రాలేదు. సైబర్‌పంక్ 2077లో పాత్ ట్రేసింగ్ వేసి చూశాను. అందంగానే ఉంది, కానీ ఈ కార్డు దాన్ని మోయలేకపోతోంది. 5070 అయితే ఇంకాస్త నయంగా నడిపేది. దాన్ని ఆపేసి, మామూలు రే ట్రేసింగ్‌తో ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీలో పెట్టుకుని ఆడుతున్నాను. మా తమ్ముడు మాత్రం 5070 కొన్నాడు.