చింతచెట్టు కింద సాంబా

రియో డి జనీరో వెళ్లినవాళ్లు ముందు బీచ్‌లు చూస్తారు. నేను ఆదివారం మధ్యాహ్నం బ్రెజిల్ వాళ్ల సాంబా పాటలు వినడానికి ఊరి ఉత్తర భాగంలో ఉన్న కసీకే ది హామోస్‌కి వెళ్లాను. 1961లో మొదలైన కార్నివాల్ ఊరేగింపు బృందం అది. లోపలికి వెళ్లగానే చింతచెట్టు! అంత దూరంలో మన చెట్టు కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. అక్కడి కళాకారులకు ఆ చెట్టంటే దేవుడంత భక్తి.

ఇక్కడ పాటగాళ్లు బల్ల చుట్టూ కూర్చుంటారు, వాళ్ల చుట్టూ జనం. పల్లవి అందరిదీ. చరణాలు మాత్రం అప్పటికప్పుడు కట్టాలి. ఓ పెద్దాయన చేయెత్తి చరణం అందుకున్నాడు. చివరి పాదం ఎటు తిప్పుతాడో తెలియక, కవాకిన్యో అనే తీగవాయిద్యం మీటే కుర్రాడు ఆయన నోటివైపే చూస్తున్నాడు. ప్రాస కుదరగానే జనమంతా ఒక్కసారిగా పల్లవి ఎత్తుకున్నారు. ఒళ్లు పులకరించింది.

ఇప్పుడు పాతకాలపు పద్ధతిలా కనిపించే ఈ వాయిద్యాలు 1970లలో ఇక్కడివాళ్లు తెచ్చినవే. కర్రతో కొట్టే పెద్ద సుర్దు డోలు బదులు ఈ బృందంలోని సెరేనో చేత్తో వాయించే తంతాన్ డోలు పట్టాడు. నాలుగు తీగల చిన్న కవాకిన్యో ఆ చప్పట్లలో వినపడదు కదా, అందుకే ఇక్కడి అల్మీర్ గినెటో దాని మెడను గట్టిగా మోగే బాంజోకి పెట్టించాడు. 1978లో గాయని బెత్ కర్వాల్యో వీళ్లను రికార్డింగుకి తీసుకెళ్లాక ఆ శబ్దం దేశమంతా పాకింది.

అంతకుముందూ ఇదే కథ. దోంగా అనే సంగీతకారుడిది 1917లో హిట్టయిన సాంబా పాట ఒకటుంది, దానిది మషీషె అనే పాత నృత్యపు నడక. వీధిలో ఊరేగుతూ పాడటానికి అది కుదరదని రియోలోని ఎస్తాసియో పేట కుర్రాళ్లు, ఇస్మాయెల్ సిల్వా లాంటివాళ్లు, 1920ల చివర్లో లయే మార్చేశారు. ఇవాళ అందరూ అసలు సాంబా అనేది దాన్నే.

సాంబాని మరీ అంతగా మార్చొద్దని గాయకుడు పౌలిన్యో ద వియోలా 1975లో పాటలోనే అడిగాడు. ఆ బాధలో న్యాయం ఉంది. నలుగురూ కలిసి పాడుకోలేని మార్పు ఎంత తెలివైనదైనా నాకూ నచ్చదు. కానీ ఇక్కడ జరిగిన ప్రతి మార్పూ అలా కలిసి పాడుకోవడం కోసమే.

చీకటి పడ్డాక ఓ అమ్మాయి తను కొత్తగా రాసిన పాట ఎత్తుకుంది. మొదటిసారి పల్లవికి నలుగురైదుగురే కలిశారు. మూడోసారికి బల్ల చుట్టూ అందరికీ వచ్చేసింది. పోర్చుగీసు రాకపోయినా నేనూ గొంతు కలిపాను.