అరవై ముక్కల లెక్క

ఆదివారం. కడపలో మే నెల ఎండ గురించి కొత్తగా రాయడానికి ఏమీ లేదు. పదకొండు దాటాక గుమ్మం దాటే పని పెట్టుకోకూడదు, అంతే. బీరువా సర్దాలనుకున్న మాట పక్కన పెట్టి, హాల్లో చాప పరిచి, అక్క కొడుకు బెంగళూరు నుంచి బూట్ల డబ్బాలో మోసుకొచ్చిన పోకెమాన్ (వింత జంతువుల బొమ్మలుండే పేకాట) ముక్కల ముందు కూర్చున్నాను. ఈ సెలవుల్లో వాడికి ఆడటానికి జోడీ కావాలి. ముందు తన రెండో డెక్ (ఆడటానికి ఏర్చి కట్టుకున్న పేక) నాకిస్తానన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "వద్దు పిన్నీ, నీ డెక్ నువ్వే కట్టుకో. లేకపోతే ఓడిపోయిన ప్రతిసారీ నేనిచ్చిన డెక్ బాగా లేదంటావు" అన్నాడు. పదకొండేళ్లవాడు నన్ను ఇంత బాగా చదివేశాడని ఇవాళే తెలిసింది.

ఇంట్లో ముక్కలు పరిస్తే అమ్మకు నచ్చదు. సాయంత్రం కాగానే నాన్న రమ్మీకి బయలుదేరడం చూసి చూసి విసిగిన మనిషి. ఇప్పుడు కూతురూ మనవడూ కూడా అదే దారి పట్టారని వంటింట్లోంచి వినబడేట్టుగానే గొణిగింది. నాన్న వెంటనే తన పాత పల్లవి ఎత్తుకున్నారు: సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960ల చివర్లోనే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తేల్చింది, మూడు ముక్కలాట వేరు, రమ్మీ వేరు. మా ఇంటికి వచ్చిపోయే చుట్టాలందరికీ ఈ తీర్పు కంఠతా వచ్చు. "ఆ కోర్టు వారినే వచ్చి అన్నం వండిపెట్టమనండి" అంది అమ్మ. దీనికి అప్పీలు లేదు.

ఆట నియమాలు వాడు గబగబా అప్పజెప్పాడు. డెక్‌లో సరిగ్గా అరవై ముక్కలుండాలి. ఒకే పేరుతో నాలుగుకు మించి పెట్టకూడదు, దెబ్బ కొట్టడానికి శక్తినిచ్చే బేసిక్ ఎనర్జీ ముక్కలకు మాత్రం ఆ హద్దు లేదు. మొదట చేతికి ఏడు వస్తాయి. తన డెక్ నుంచే ఆరు తీసి, చూడకుండా బోర్లించి పక్కన పెట్టుకోవాలి. వాటిని బహుమతులంటారు. ఎదుటివాడి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా ఒకటి తీసుకోవాలి, ఆరూ ముందుగా తీసుకున్నవాడు గెలిచినట్టు. వంతుకు ఒక్క ఎనర్జీ మాత్రమే తగిలించాలి. ఇంకా చాలా చెప్పాడు గానీ, ఆడుతుంటే అవే తెలుస్తాయి.

నేను నీటి జాతి ఎంచుకున్నాను. కారణం దాచుకోవలసిందేమీ లేదు. వాడి డెక్ నిండా చార్మాండర్లు, చార్మీలియన్లు, చారిజార్డులు. నిప్పు ముక్కల అడుగున ఎడమ మూల చిన్న నీటిబొట్టు గుర్తు, దాని పక్కన రెండింతలు అని ఉంటుంది. అంటే నీటి దెబ్బ తగిలితే నష్టం రెట్టింపు. ఎదుటివాడి చెయ్యి చూసి డెక్ కట్టుకోవడం న్యాయమేనా అని అడిగితే కాసేపు ఆలోచించి, "న్యాయమే. రేపు నేను మార్చుకుంటే మాత్రం ఏమీ అనకూడదు" అన్నాడు.

నీలంరంగు ముక్కలన్నీ ఏరి ఒక కుప్ప పోశాను. వాటికి ఆటలో సాయపడే ట్రైనర్ ముక్కలు నచ్చినవి చేర్చి, ఎనర్జీ కలిపితే ఎనభై దాటింది. అసలు పని అక్కడ మొదలైంది. చేర్చడం ఎవరైనా చేస్తారు. తీసేయడానికే చేతులు రావు. బ్లాస్టాయిజ్ ఉంది చూడండి, వీపున డిప్ప, డిప్పలోంచి రెండు ఫిరంగులు, మెరిసే కాగితం మీద అచ్చేసిన బొమ్మ. వెలుతురుకు అటూ ఇటూ వంచితే అలల మీద రంగులు పరుగెత్తుతాయి. అలాంటివి మూడున్నాయి వాడి డబ్బాలో. మూడూ పెట్టేశాను. వాడు నా కుప్ప తిరగేసి, "స్క్విర్టిళ్లు ఎన్ని పెట్టావు?" అన్నాడు. రెండు. స్క్విర్టిల్ నేల మీదికి దిగితేనే తర్వాతి వంతుల్లో అది వార్టార్టిల్ అవుతుంది, ఆపైన బ్లాస్టాయిజ్ అవుతుంది. పిల్ల లేకుండా పెద్దది రాదు. పెళ్లి పెద్దలందరూ తరలివచ్చి పెళ్లికొడుకే రాని పందిరిలా ఉంది నా డెక్. అడుగున నాలుగు, మధ్యలో మూడు, పైన రెండు, ఇదీ వాడి సూత్రం. ఒక బ్లాస్టాయిజ్ డబ్బాలోకి తిరిగి వెళ్లింది. వార్టార్టిల్ బొమ్మ చప్పగా ఉంటుంది, దానికి మాత్రం మూడు చోట్లు.

తర్వాత ఎవరూ అడగకపోయినా లెక్క వేశాను. లెక్కల టీచరునన్న సంగతి మే నెలలోనైనా మర్చిపోవాలి, కుదరదు. మొదటి ఏడు ముక్కల్లో ఒక్క బేసిక్ పోకెమాన్ (స్క్విర్టిల్ లాంటి మొదటి దశది) అయినా లేకపోతే ఆట మొదలే కాదు. చేయి ఎదుటివాడికి చూపించి, మళ్లీ కలిపి, మళ్లీ ఏడు తీసుకోవాలి. అందుకు పరిహారంగా ఎదుటివాడు ఒక ముక్క ఎక్కువ తీసుకోవచ్చు. మరి ఎన్ని బేసిక్‌లు పెట్టుకుంటే సరిపోతుంది? చిరిగిన క్యాలెండర్ కాగితం వెనక వేసి చూశాను. అరవైలో నాలుగే ఉంటే మొదటి చేతిలో కనీసం ఒకటి పడే అవకాశం 40 శాతం. ఎనిమిది ఉంటే 65. పన్నెండు ఉంటే 81. నాలుగు నుంచి ఎనిమిదికి వచ్చినప్పుడు 25 పెరిగింది, ఎనిమిది నుంచి పన్నెండుకు పోతే 16 మాత్రమే. ఎక్కడో ఒక చోట ఆగాలి, లేకపోతే డెక్ అంతా పసిపిల్లలే. పన్నెండు దగ్గర ఆగాను. స్క్విర్టిల్ నాలుగు, లాప్రాస్ నాలుగు, మాజికార్ప్ నాలుగు. పిల్లలకు సంభావ్యత చెప్పేటప్పుడు సంచిలో ఎర్ర బంతులు, నీలం బంతులు అని ఏళ్ల తరబడి చెబుతున్నాను. ఆ బంతులతో ఎవరికీ ఏ పనీ ఉండదు. ఇదైతే వెనక బెంచీ వాళ్లు కూడా కాగితం లాక్కుంటారు.

ఈ రకం ఆటకు మొదటి రూపం ఇచ్చినవాడు లెక్కలవాడే అని చదివినప్పుడు ఆశ్చర్యం కలగలేదు. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే ఆటను 1993లో తెచ్చిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాంబినటోరిక్స్‌లో (ఎన్ని విధాలుగా ఎంచవచ్చో, అమర్చవచ్చో లెక్కించే గణితం) డాక్టరేట్ చేశాడు. పోకెమాన్ ముక్కలు 1996లో జపాన్‌లో వచ్చాయి. 1999లో వాటిని ఇంగ్లిషులో అమెరికాలో అమ్మింది ఆ మ్యాజిక్ ఆటను ప్రచురించిన కంపెనీయే.

బహుమతుల సంగతి నన్ను ఇంకా కాసేపు ఆపింది. ఆరు ముక్కలు బోర్లా పోతాయి కదా, అరవైలో ఆరంటే పదో వంతు. ఎంత గొప్ప ముక్కయినా ఒక్కటే పెట్టుకుంటే, పది ఆటల్లో సగటున ఒక ఆటలో అది అక్కడ ఇరుక్కుపోతుంది. మనదే, మన ఎదుటే ఉంటుంది, చేతికి రాదు. కాబట్టి దాని మీదే ఆధారపడ్డ పథకమైతే రెండైనా ఉండాలి. రెండు పెడితే ఇంకొకటి తీసేయాలి. మళ్లీ మొదటికి.

రమ్మీలో ఈ బాధ లేదు. పంచిన పదమూడు ముక్కలతో తంటాలు పడటమే, అదృష్టాన్ని తిట్టుకోవడానికి వీలుంటుంది. ఇక్కడ పేక మనదే. చెడ్డ చేయి పడిందంటే దానికి సగం బాధ్యత మధ్యాహ్నం చాప మీద కూర్చుని ముచ్చటపడి ముక్కలు ఏరుకున్నవాళ్లదే. ఆట ముప్పాతిక వంతు అక్కడే అయిపోతుందని నాకు అనిపించింది. వాడు ఒప్పుకోలేదు.

భోజనాలయ్యాక నాన్న తన వంతు తెచ్చారు. నిన్న సాయంత్రం వై.వి. స్ట్రీటులో మనవడి కోసం కొన్న ప్యాకెట్. విప్పితే అన్నీ బంగారు రంగు ప్లాస్టిక్ ముక్కలు, ముందూ వెనకా ధగధగలే. వాడు గట్టివాడు, తాత మొహం చూసి, "చాలా బాగున్నాయి తాతా" అన్నాడు. డెక్‌లో పెడతావా అంటే మాత్రం ఇబ్బంది పడ్డాడు. అసలైన ముక్క ఒకటి, బంగారు ముక్క ఒకటి పక్కపక్కన బోర్లించి పెట్టాడు. అసలుది ముదురు నీలం, మధ్యలో బంతి. ఇంగ్లిషు ముక్కలకు ఆ వీపు మొదటి నుంచీ ఒకటే, పాతవీ కొత్తవీ కలిపి ఆడినా ఏది ఏదో తెలియకూడదని. నాన్న రెండింటినీ వేళ్లతో తడిమి చూసి, ఎవరూ ఏమీ అనకముందే, "వీపు చూసి గుర్తుపట్టగలిగితే అది దొంగముక్క. ఆటలో చెల్లదు" అని తీర్పు చెప్పేశారు. ఎన్నేళ్ల రమ్మీ అనుభవమో! బంగారు ముక్కలు పూజ గది అలమరలోకి చేరాయి. అమ్మ వాటికేమీ అభ్యంతరం చెప్పలేదు, మెరుస్తున్నాయి కదా.

ట్రైనర్ ముక్కల దగ్గర నాకూ వాడికీ పెద్ద వాదనే జరిగింది. అల్ట్రా బాల్ అని ఒకటుంది. చేతిలోంచి రెండు ముక్కలు పారేస్తే డెక్ అంతా వెతికి కావలసిన పోకెమాన్‌ను తెచ్చుకోవచ్చు. ఇంకొకటి ప్రొఫెసర్స్ రీసెర్చ్, చేతిలో ఉన్నదంతా పారేసి కొత్తగా ఏడు తీసుకోవాలి. పారేయడమేమిటి, అందులో మంచివి ఉంటే? "మంచివైతే ఏం పిన్నీ, ఇప్పుడు పనికిరావు కదా" అన్నాడు వాడు, బూజు పట్టిన పచ్చడి గురించి చెప్పినంత తేలికగా. నెస్ట్ బాల్ ఒక్కటే నాకు నచ్చింది. ఏమీ పారేయక్కర్లేదు, డెక్‌లోంచి ఒక బేసిక్‌ను తీసి బెంచీ మీద, అంటే పోరాడేదాని వెనక వరసలో, కూర్చోబెట్టడమే. మా వాదన విని నాన్న రమ్మీ భాషలో, "లైఫ్ (జోకర్ లేని వరస) లేకుండా చేతిలో ఎన్ని జోకర్లున్నా షో కాదమ్మా. ముందు లైఫ్ పడే దారి చూసుకో" అన్నారు. పోకెమాన్ పేరు ఒక్కటీ నోరు తిరగని మనిషి నా మీద ఇలా గెలిచాడు. రెండు మెరిసే ముక్కలు తీసేసి రెండు అల్ట్రా బాల్‌లు పెట్టాను.

చివరికి తేలిన లెక్క: పోకెమాన్ పంతొమ్మిది, ట్రైనర్లు ఇరవై ఐదు, నీటి ఎనర్జీ పదహారు. ఒక్కో ముక్కకు ప్లాస్టిక్ తొడుగు వేయడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో అమ్మ కోసిన బేనీషా పండ్లు వచ్చాయి. సబ్బుతో చేతులు కడుక్కుంటే తప్ప ముట్టుకోనివ్వనన్నాడు అక్క కొడుకు. ఇదే మాట అమ్మ చెబితే రోజూ పెడచెవిన పెడతాడు.

దెబ్బలు లెక్కపెట్టే బిళ్లలు వాడు బెంగళూరులోనే మర్చిపోయి వచ్చాడు. వంటింట్లోంచి చింతపిక్కలు తెచ్చాను, ఒక్కో పిక్క పది. బొమ్మా బొరుసా వేస్తే బొమ్మ పడింది, మొదటి వంతు వాడిది. మొదట ఆడేవాడు మొదటి వంతులో కొట్టకూడదు, అదృష్టవంతురాలిని. నా చేతిలో ఉన్న ఒకే ఒక్క బేసిక్ మాజికార్ప్. మూతి తెరుచుకుని గిలగిలలాడే ఎర్ర చేప, ప్రాణం 30, మూడు పిక్కలు పెడితే పోతుంది. బెంచీ మీద ఇంకెవరూ లేకుండా అది పోతే ఆట అక్కడితో సరి. నా వంతులో తీసిన ముక్క నెస్ట్ బాల్! స్క్విర్టిల్ వచ్చి కూర్చుంది. చేప ఎలాగో బతికి బట్టకట్టి మరుసటి వంతుకు గ్యారడాస్ అయింది. ఎనర్జీ ఒక్కొక్కటే పోగుచేసుకుని వాడి చారిజార్డ్‌ను వంద కొడితే, అది రెండింతలై రెండు వందలైంది. ఇరవై చింతపిక్కలు పట్టే చోటు ఆ ముక్క మీద లేనే లేదు. జారి చాప మీద దొర్లాయి. నేను అరిచిన అరుపుకు అమ్మ పరుగెత్తుకొచ్చింది.

అయినా ఆట వాడే గెలిచాడు. నాకింకా రెండు బహుమతులు మిగిలి ఉండగానే తన ఆరో దాన్ని తీసేసుకున్నాడు. అయ్యాక నా మిగిలిన రెండూ తిప్పి చూశాను. ఒకటి ఎనర్జీ, రెండోది ఆటంతా నేను ఎదురుచూసిన బ్లాస్టాయిజ్. పదో వంతు అంటే ఇదే. ఇంకో బ్లాస్టాయిజ్ డెక్ అడుగున ఉంది. దాన్ని వెతికి తెచ్చే అల్ట్రా బాల్ నా చేతిలోనే ఉంది, పారేయడానికి రెండు ముక్కలు మనసొప్పక పట్టుకుని కూర్చున్నాను. "నేను చెప్పలేదూ" అనకుండా ఉండటం వాడికి ఎంత కష్టమైందో బుగ్గలు చూస్తే తెలుస్తోంది.

సాయంత్రం చల్లబడింది, నాన్న రమ్మీకి బయలుదేరలేదు. చాప పక్కన కుర్చీ వేసుకుని, మేము పక్కన పెట్టేసిన ముక్కలన్నీ ఒళ్లో పోసుకుని చూస్తున్నారు. తనూ ఒకటి కడతారట.

"ఒరే, మీ పిన్ని నీళ్లను కొట్టేది ఏదిరా?"

"మెరుపు తాతా. పసుపు రంగువి."

నాన్న కళ్లజోడు సవరించుకుని పసుపు ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. అందులో ఎనర్జీలు ఒక్కటీ లేవని మనవడు చెబితే, "అవి నువ్విస్తావు" అన్నారు. వాడు అప్పుడే డబ్బా అడుగున వెతుకుతున్నాడు, రేపు తాత పికాచులతో దిగుతారని నా వైపు చూసి నవ్వుతూ.