190 వద్దు, 98లే కొనుక్కో

మొన్న రాత్రి పదకొండు దాటాక ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నా దగ్గర రెండేళ్లు కెమెరా అసిస్టెంట్‌గా చేసి, ఇప్పుడు సొంతంగా పెళ్లిళ్లు తీసుకుంటున్నాడు. "అన్నా, కృష్ణానగర్‌లో ఒకాయన వీ-మౌంట్ బ్యాటరీలు రెండు అమ్ముతున్నాడు, 190 వాట్-అవర్లవి. 98 దానికి, దీనికి ధరలో పెద్ద తేడా లేదు. తీసేసుకోనా? వచ్చే నెల ఫుకెట్‌లో పెళ్లుంది" అన్నాడు.

వద్దన్నాను. వీ-మౌంట్ అంటే కెమెరా వెనక ప్లేట్‌కి తగిలించే పెద్ద బ్యాటరీ. ఎందుకు వద్దో అరగంట చెప్పాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ కూడా రాసి పెడుతున్నా.

బ్యాటరీ విషయంలో విమానం వాళ్లు చూసే అంకె వాట్-అవర్లు ఒక్కటే, అంటే బ్యాటరీలో ఎంత శక్తి నిల్వ ఉంటుందో చెప్పే లెక్క. బ్యాటరీ మీద ఉన్న వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణిస్తే అది వస్తుంది. 14.4 వోల్టులు, 6800 మిల్లీ ఆంపియర్-అవర్లు అని ఉంటే 14.4ని 6.8తో గుణించాలి, దాదాపు 98. వంద దాకా ఉన్నవాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, క్యాబిన్ బ్యాగులో తీసుకెళ్లొచ్చు. వంద దాటి 160 లోపు ఉంటే ఎయిర్‌లైన్‌ని ముందే అడిగి అనుమతి తీసుకోవాలి, అదీ మనిషికి రెండు స్పేర్‌లే. 160 దాటిందా, ప్రయాణికుల విమానంలో చేతి బ్యాగులోనూ కుదరదు, చెక్-ఇన్‌లోనూ కుదరదు. అంటే ఆ 190 బ్యాటరీలు ఫుకెట్ కాదు కదా, ఇక్కణ్ణించి బెంగళూరుకి కూడా విమానంలో రావు. కారులో, రైల్లో తిరిగే యూనిట్‌కి అవి మంచి బ్యాటరీలే, ఆ మాట కాదనను. కానీ నెలకోసారైనా శంషాబాద్ వెళ్లేవాడికి అవి ఇంట్లో ఉండిపోయే సామాను.

పెద్ద కంపెనీలన్నీ 98, 99 వాట్-అవర్ల దగ్గరే ఆగి బ్యాటరీలు ఎందుకు చేస్తున్నాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ గీత దాటకుండా ఎంత పట్టించగలరో అంతా పట్టించారు. ఇక్కడే ఒక చిన్న తిరకాసు ఉంది, జాగ్రత్తగా చూడండి. అదే 6800 అంకె 14.4 వోల్టుల బ్యాటరీ మీద ఉంటే 98కి లోపలే, 14.8 వోల్టుల బ్యాటరీ మీద ఉంటే 100.6 అవుతుంది. కౌంటర్ దగ్గర నిలబడి "అర వాట్-అవర్ ఎక్కువే కదా సార్" అంటే నడవదు. ఇంకొకటి, ఈ మధ్య వస్తున్న చిన్న వీ-మౌంట్‌ల మీద 26800 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. గుణించి చూస్తే మళ్లీ 99 వాట్-అవర్లే. మా ఫ్రెండ్ ఒకతను దాన్ని 6800 దానికి నాలుగింతలు అనుకుని నాలుగు కొనేయబోయాడు. వాట్-అవర్లు తప్ప వేరే అంకె చూసి బ్యాటరీ కొనకండి.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కింద బనారస్‌లో నేత పనివాళ్ల మీద ఒక డాక్యుమెంటరీకి వెళ్లాను. నా దగ్గర నాలుగు వీ-మౌంట్‌లు, అన్నీ 95 వాట్-అవర్లవే. కాకపోతే రెండు పాతవి, ప్లేట్ మీదికి ఎక్కించి దించి స్టిక్కర్ అరిగిపోయింది, అంకెలు కనపడవు. సెక్యూరిటీ చెక్ దగ్గర ఆ అధికారి అడిగాడు, "ఇది ఎన్ని వాట్-అవర్లు?" చెప్పాను. "ఎక్కడ రాసి ఉంది?" అన్నాడు. చూపించడానికి ఏమీ లేదు. ఆ రెండూ అక్కడే వదిలేసి ఎక్కాను. అప్పుడు చాలా కోపం వచ్చింది కానీ, రాసి లేని బ్యాటరీని నమ్మమని ఆయన్ని ఎలా అడుగుతాం?

మర్నాడు ఒక పెద్దాయన ఇంట్లో షూటింగ్. మగ్గం ముందు కూర్చుని మాట్లాడుతున్నాడు, పొద్దుటి నుంచీ కరెంటు లేదు, ఒక బ్యాటరీ అయిపోయింది, రెండోది కెమెరాకీ మానిటర్‌కీ కలిపి నడుస్తోంది. వాళ్ల నాన్న పోయిన రోజు మగ్గం మీద సగం నేసిన చీర ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన గొంతు మారింది. సరిగ్గా అప్పుడు కెమెరా ఆగిపోయింది. కరెంటు వచ్చి, ఛార్జ్ ఎక్కాక, సాయంత్రం మళ్లీ అడిగాం. పాపం, మర్యాదగా రెండు వాక్యాల్లో చెప్పేసి ఊరుకున్నాడు. ఆ చీర మా సినిమాలో లేదు. ఇప్పటికీ నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

అప్పటి నుంచి ఏ బ్యాటరీ కొన్నా అదే రోజు స్టిక్కర్ మీద ట్రాన్స్‌పరెంట్ టేప్ వేస్తాను. కంపెనీ స్పెసిఫికేషన్ పేజీ ప్రింట్ తీసి బ్యాటరీ పౌచ్‌లోనే పెడతాను.

ఈ రూల్స్ ఊరికే పెట్టారని అనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించాలి. బ్యాటరీ డబ్బాలో చిన్న చిన్న లిథియం సెల్స్ పక్కపక్కన ఉంటాయి. ఒక సెల్ లోపల షార్ట్ అయి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కి పాకుతుంది, అది దాని పక్కదాన్ని అంటిస్తుంది, ఒక్కసారి మొదలైతే ఆగడం చాలా కష్టం. విమానం కింద కార్గోలో ఉండే హాలోన్ గ్యాస్ మంటని అణుస్తుంది కానీ సెల్ లోపలి వేడిని ఆపలేదు, పైగా అక్కడికి మనిషి వెళ్లలేడు. అదే క్యాబిన్‌లో అయితే పొగ వెంటనే కనిపిస్తుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. స్పేర్ బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయొద్దనేది అందుకే. 2010 సెప్టెంబర్‌లో దుబాయ్ నుంచి బయల్దేరిన ఒక 747 కార్గో విమానం మంటలు అంటుకుని కూలిపోయింది, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. దాని సరుకులో లిథియం బ్యాటరీలు పెద్ద ఎత్తున ఉన్నాయి. 2025 జనవరిలో దక్షిణ కొరియా బుసాన్‌లో ఇంకా రన్‌వే ఎక్కని విమానం తగలబడింది. అదృష్టం, అందరూ బయటపడ్డారు. పైన బ్యాగులు పెట్టే చోట ఉన్న పవర్ బ్యాంకు నుంచి మొదలై ఉండొచ్చని దర్యాప్తులో చెప్పారు. గాల్లో ఉండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక ఏది కొనాలి అంటే, ముందు మీ కెమెరా ఎన్ని వాట్లు లాగుతుందో తెలుసుకోండి. సోనీ ఎఫ్‌ఎక్స్6 లాంటిది సుమారు 18 వాట్లు. దానికి మానిటర్, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ తగిలిస్తే 35 దాకా పోతుంది, అప్పుడు 98 బ్యాటరీ రెండున్నర గంటలు వస్తుందనుకోండి. ఆరీ అలెక్సా మినీ ఎల్‌ఎఫ్ లాంటివి బాడీ ఒక్కటే 65 వాట్ల చుట్టుపక్కల తింటాయి, గంట పైన కొంచెం నడిస్తే గొప్ప. పెద్ద కెమెరా అయితే బ్యాటరీ గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో కూడా చూడాలి. అరచేతిలో పట్టే చిన్న వీ-మౌంట్‌లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ లోడ్ ఎక్కువైతే కొన్ని మధ్యలో ఆగిపోతాయి. రోజుకి ఎన్ని గంటలో లెక్కేసి, దాని మీద ఇంకో బ్యాటరీ వేసుకోండి.

డూప్లికేట్ల గురించి ఒక మాట. లైట్లకీ మానిటర్లకీ వాడే ఎన్‌పీ-ఎఫ్970 రకం బ్యాటరీలో 18650 అనే సైజు సెల్స్ ఆరు ఉంటాయి, మూడు మూడు చొప్పున రెండు జట్లుగా. ఒక జట్టులోని మూడింటి ఆంపియర్-అవర్లే కూడతాయి, రెండో జట్టు వల్ల పెరిగేది వోల్టులే. మార్కెట్లో దొరికే మంచి సెల్ ఒక్కోటి 3500 మిల్లీ ఆంపియర్-అవర్ల దాకా వస్తుంది, అంటే మూడింటికీ కలిపి 10500 దాటడం కష్టం, చవక బ్యాటరీలో అంత మంచి సెల్స్ ఎవరూ పెట్టరు. దాని మీద 12000 అని రాసి ఉంటే అక్కడే వదిలేయండి. నేనైతే కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తాను. ఒక్కో సెల్ 45 గ్రాముల పైనే ఉంటుంది, ఆరింటికీ డబ్బాకీ కలిపి 300 గ్రాములు రావాలి. 200 తూగితే లోపల సెల్స్ తక్కువున్నట్టే. అలాంటి నాసిరకం బ్యాటరీని వందమంది కూర్చున్న విమానంలోకి తీసుకెళ్లడం నాకు తప్పనిపిస్తుంది. ఉబ్బిన బ్యాటరీ అయినా అంతే. ఎంత డబ్బు పెట్టి కొన్నా సరే, అది విమానం ఎక్కకూడదు.

ప్యాకింగ్ పెద్ద పనేం కాదు. ప్రతి బ్యాటరీకీ విడి పౌచ్, టెర్మినల్స్ మీద క్యాప్ లేదా టేప్. సగం ఛార్జ్‌తో తీసుకెళ్తాను. కెమెరాకి పెట్టుకునే ఒక్కదాంట్లో మాత్రం ఎక్కువ ఉంచుతాను, సెక్యూరిటీలో ఆన్ చేసి చూపించమంటే చూపించాలి కదా. ఛార్జర్లు, ప్లేట్లు, కేబుళ్లు చెక్-ఇన్‌లో వేసేయొచ్చు. వంద లోపువి అయినా మనిషికి 20 స్పేర్‌లు అని సాధారణంగా ఒక పరిమితి ఉంది, అందుకని అన్నీ ఒకరి బ్యాగులో కుక్కకుండా యూనిట్ అంతా పంచుకోండి. 150వి తీసుకెళ్లాల్సి వస్తే ఎయిర్‌లైన్‌కి మెయిల్ రాసి, వచ్చిన జవాబు ప్రింట్ తీసుకోండి. మధ్యలో వేరే ఎయిర్‌లైన్‌కి మారితే వాళ్లని కూడా విడిగా అడగాలి, మొదటివాళ్ల అనుమతి రెండోవాళ్లకి చెల్లదు.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి. రాజమండ్రి, కడప లాంటి చోట్లకి వెళ్లే చిన్న ఏటీఆర్ విమానాల్లో పైన స్థలం తక్కువ. మెట్ల దగ్గరే మన క్యాబిన్ బ్యాగు అడిగి తీసుకుని కార్గోలో వేసేస్తారు. ఆ హడావుడిలో బ్యాటరీలు కూడా బ్యాగుతో పాటే కార్గోలోకి పోతాయి. అందుకే బ్యాటరీలన్నీ ఒకే చిన్న సంచిలో పెట్టి బ్యాగు పైభాగాన ఉంచండి, బ్యాగు ఇచ్చేటప్పుడు అది తీసి చేతిలో పట్టుకుంటే సరిపోతుంది.

ఆ తమ్ముడికి ఇదంతా చెప్పాక, నిన్న సాయంత్రం నాలుగు 98ల ఫొటో పంపాడు. రెండు కొన్నాడట, రెండు అద్దెకి తెచ్చాడట. అద్దెకి తెచ్చినవాటిలో ఒకదాని స్టిక్కర్ అంచు లేచి ఉంది. అది మార్చి వేరేది తెచ్చుకోమన్నాను, లేదంటే ఈ రాత్రికే టేప్ వేయమన్నాను.